సరాసరి

వాసేకర్ సార్ బోర్డు మీద మరాఠీల సరాసరి అని రాసిండు.
అంటే సగటు.
మా ఇంట్ల సరాసరి అంటే ఎక్కడా ఆగకుండ పోవుడు.
సిరొంచ బస్టాండుల ఆరేండ్ల సంది కూసుంటున్న,
సరాసరి పోయిన ఎస్టీ బస్సును ఒక్కదాన్ని చూడలే.

మాగణీ అంటే గిరాకి అని తెలిసేదాక
నెల రోజులు నాకు ఎకనామిక్స్ అంతా
నీళ్ళు పారే మాగాణి లెక్కనే కనిపించింది.
ఈ గట్టు మీద కొనేటోడు, ఆ గట్టు మీద అమ్మేటోడు,
నడుమ ధర, మోకాళ్ళదాక.

సగటు లోతు మూడడుగులే గదా అని నది దాటబోయి
మునిగిన పండితుని జోకు గూడ చెప్పిండు సార్.
క్లాసుల ఎవ్వరు నవ్వలే.
సగం మంది పొద్దున పడవల ప్రాణహిత దాటి వచ్చినోళ్ళే.
సార్ది నాగపూరు. చేతులు దులుపుకొని
తర్వాతి పేజీకి పోయిండు.

ప్రాజెక్టుకు మా చిన్నమ్మ మల్లుబాయి బజ్జీల బండిని తీసుకున్న.
ముప్పై రోజులు, నాలుగు గడులు:
చేసినవి, అమ్మినవి, మిగిలినవి, మొగులు పట్టిందా లేదా.

ధర పెంచమన్నది నేనే. ఐదు నుంచి ఆరు.
నూనె పిరమైంది, శనగపిండి పిరమైంది, న్యాయమే.
అమ్మకం నూటికి ఏడు తగ్గింది.
కాపీల అది కిందికి వాలిన చిన్న గీత.
చిన్నమ్మకు అది సంతు, కైలాసు,
నత్తిగ మాట్లాడే పిల్ల, దాని తమ్ముడు.
"గా నలుగురేరి?" అని మూడు రోజులు అడిగి
నాలుగో నాడు బోర్డు మీది ఆరును బొగ్గుతోటి ఐదు చేసింది.
సున్నపు ఆరు ఇప్పటికీ కింద కనిపిస్తది.

ఇరవై రోజులకే లెక్క తేల్చిన:
రోజుకు నూటడెబ్బై చాలు.
చిన్నమ్మ రెండు వందలు చేస్తది.
ఆ ముప్పై నష్టమన్న.
ఆ ముప్పై రాత్రి బస్సుకన్నది.
నా కాపీల రాత్రి బస్సు సగటున నలభై ఏడు నిమిషాలు లేటు,
ఒక్కోనాడు రెండు గంటలు.
బస్సు వచ్చేవరకు సల్లారిన బజ్జీకి మార్కెట్ ఉండదన్న.
"నువ్వు పెరిగింది గవి తినే" అన్నది,
గిన్నె కడుక్కుంట, నా దిక్కు చూడకుండ.

ఇరవై మూడో నాడు కొట్లాటయింది.
"నూటడెబ్బై" అన్న.
"నూటడెబ్బై నీ కాలేజీల చేసుకో" అని
కోపంల పిండి కుమ్మరించింది. మూడు వందలు.
మొగులు చూసి కాదు, కప్పల అరుపు విని కాదు,
ఉట్టి నా మీది కోపమే.
ఈ సంగతి గూడ రాసుకున్న.

ఆ సాయంత్రం వాగు రోడ్డెక్కింది.
అహేరి పోయే బస్సు కదల్లే, అటు నుంచి వచ్చేది రాలే.
షెడ్డు కింద యాభై అరవై మంది.
మిరప కూలికి పోయే ఆడోళ్ళు,
మేకపిల్లను ఒళ్ళె పెట్టుకున్న ముసలాయన,
చెవికి గుడ్డ కట్టుకున్న బాలింత.
నడిరాత్రి దాక పొయ్యి ఆరలే.

సార్ ఆ వరుస మీద ఎర్ర గీత కొట్టిండు.
"అపవాద్. తీసెయ్యి, సరాసరి చెడగొడ్తది."
నిజమే, ఒక్క దినం ఇరవైతొమ్మిది దినాలను తన దిక్కు గుంజుకుంటది.
పుస్తకంల గూడ గట్లనే ఉన్నది, నేను కాదనలే.
కాని మా తెలుగుల అపవాదు అంటే
చెయ్యని తప్పు మీదేసుడు.

ఫెయిర్ కాపీ ఇంకా ఇయ్యలే.
ఆ వరుస మీద నూనె మరక, మరక కింద అంకెలు:
చేసినవి మూడు వందలు.
అమ్మినవి అరవై ఒకటి.
మిగిలినవి సున్న.
నడుమ రెండు వందల ముప్పై తొమ్మిదికి నేను గడి గీయలే.
ఇప్పుడు గీద్దామని స్కేలు పెడితే
అంచుకు జాగ లేదు.

చిన్నమ్మ ఉల్లిగడ్డ కోసుకుంట
"అయ్యిందా మరి నీ లెక్క?
బిందె ఖాళీ ఉన్నది, నీళ్ళు తేపో" అన్నది.